కొబ్బరి చక్కెర కేకు మీద నా చేతిరాత

కొబ్బరి చక్కెర పొట్లం విప్పితే, మాడడానికి ఒక్క క్షణం ముందున్న బెల్లం పాకం వాసన వస్తుంది. ఇవాళ పొద్దున దాన్ని మిక్సీలో వేస్తుంటే ఆ వాసన వెంట సరోజక్క నా తలపులోకి వచ్చి నిలబడింది. ఆమె ఊరికే రాదు. ఏదో ఒక తప్పు పట్టడానికే వస్తుంది.

హిందూపురంలో మా పక్కిల్లు ఆమెది. ఇంట్లోనే కేకులు చేసి అమ్మేది. నేను ఆటో నడిపేవాణ్ణి. ఏడో తరగతిలోనే లెక్కల సారూ నేనూ ఒకరి బాధ ఒకరం అర్థం చేసుకొని విడిపోయాం. బడి నాకిచ్చింది ఒక్క గుండ్రటి చేతిరాత. నోరు మాత్రం పుట్టుకతో వచ్చింది. మొదట ఆమె కేకులు ఇళ్ళకు చేర్చేవాణ్ణి. దారిలో పెట్టెలు తేలికవుతున్నాయని కనిపెట్టి, వీడికి పని నేర్పడమే మేలనుకుందేమో, నేర్పింది.

కొబ్బరి చెట్టు నీరా కాచి చేసే ఈ చక్కెర మొండిది. ఒక పట్టాన కరగదు. మెత్తగా పొడి చేసి గోరువెచ్చని పాలలో నానబెట్టాలి. పైగా దాని రంగు మోసం చేస్తుంది. లోపల పచ్చిగా ఉన్నా కేకు పైన ఎర్రగా, అయిపోయినట్టే కనిపిస్తుంది. నా మొదటి కేకును ఆ రంగు చూసే గర్వంగా బయటికి తీశాను. కత్తి పెట్టగానే జారింది.

"ఏమప్పా, ఇది కేకా, అంబలా?"

"గ్లాసు తెచ్చుకోక్కా, పోస్తా."

ఆమె నవ్వలేదు. "రంగును నమ్మొద్దు. పుల్ల గుచ్చి చూడు. తడి అంటకుండా వస్తేనే అయినట్టు. నువ్వు నోటితో అయిందంటే కాదు."

పెట్టెల మీద అంటించే చీటీలు నేనే రాసి జెరాక్స్ తీయించేవాణ్ణి. పైన ఆమె పేరు, కింద పిండి, వెన్న, గుడ్లు, కొబ్బరి చక్కెర. ఒకసారి చివర్లో నా సొంత తెలివితో ఒక వాక్యం కలిపాను: "షుగరు జబ్బున్నోళ్ళూ భయం లేకుండా తినండి, పూచీ మాది."

అక్క చదివింది. "ఇది కూడా చక్కెరే కదప్పా. వేరే చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన మందయితాదా? చించెయ్."

సరేనన్నాను. కానీ అంత అందంగా రాసింది చించడానికి చేతులు రాలేదు. ధర్మవరం పోయే పెట్టెలు కట్టి బస్సుకు వేసేది నేనే, ఆమె చూడదు కదా అని, మిగిలినవన్నీ వాటికి అంటించాను.

కొన్ని నెలల తర్వాత ధర్మవరం నుంచి ఒకమ్మాయి ఖాళీ పెట్టె పట్టుకొని వచ్చింది. వాళ్ళ నాయన మగ్గం నేస్తాడు. "దినామూ తిన్నాడు. మీరు రాసింది నమ్మి మాత్రలు కూడా మానేసినాడు. కాలి పుండు మానలేదు. వేళ్ళు తీసేసినారు. ఇంగ మగ్గం యాడ తొక్కుతాడు?"

అక్క చీటీ చూసింది. తర్వాత నన్ను చూసింది. ఒక్కసారే. నేను గిన్నెలో గుడ్లు గిలక్కొడుతూనే ఉన్నాను. అవి ఎప్పుడో నురగైపోయాయి.

"తప్పు నాదేనమ్మా," అని అక్క చేతులు జోడించింది.

ఆ అమ్మాయి వెళ్ళాక అక్క ఓవెన్ ఆపేసింది. మళ్ళీ వెలిగించలేదు. నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ చేసి, పెనుకొండలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఓవెన్ మాత్రం నా గడపలో పెట్టి పోయింది. బహుమానమని అందరూ అనుకున్నారు.

ఏడాదికి ధైర్యం తెచ్చుకొని, ఒక కేకు చేసుకొని పెనుకొండ వెళ్ళాను. "అక్కా, ఆ చీటీ రాసింది నేనేనని ధర్మవరం పాపకు చెప్పొస్తా," అన్నాను.

"ఇప్పుడు చెబితే నీ బరువు దిగుతాది. ఆయప్ప వేళ్ళు వస్తాయా? ఆ పొద్దు నోరుండాది కదా నీకు. యాడ పెట్టినావు?"

పెట్టె విప్పలేదు. కాఫీ ఇచ్చింది; వచ్చిన వాళ్ళెవరికైనా ఇచ్చేటట్టు.

ఇప్పుడు కేకులే నా బతుకు. జనం నా మాటలకు నవ్వి కొంటారు. ఇందాక ఒకాయన ఫోన్ చేసి, "కొబ్బరి చక్కెర కదన్నా, షుగరు జబ్బున్నోళ్ళు తినొచ్చా?" అన్నాడు.

"తినకూడదప్పా. ఇది కూడా చక్కెరే."

ఆయన పెట్టేశాడు. ఈ ఒక్క మాట చెప్పడం నాకు బాగా వచ్చింది; ఆ చీటీ రాసింది నేనేనన్న మాట మాత్రం ధర్మవరంలో ఒక గడప ముందు చెప్పాల్సి ఉంది. అక్కడిదాకా నేనింకా పోలేదు.