గాటు కుడిపక్క

పోయినవన్నీ ముందు లెక్క చెబుతాను. ఒక చిప్పు, దానితో ఒక వీడియో గేమ్ బోర్డు, ఆ బోర్డు మీద నడిచే దుకాణం, ఒక మనిషి నౌకరీ, అతని మంచి పేరు. ఇందులో నాది ఒక్కటీ లేదు. అయినా ఇన్నేళ్లూ బరువు మోశానని చెప్పుకోవడానికి తయారయ్యాను. మోసింది నేనా? సోమయ్య.

రెండు వేల నాలుగు. కొత్తగూడెం బస్టాండు వెనక యాదమ్మకు వీడియో గేముల దుకాణం ఉండేది. ఉన్నది ఒకే పాత మెషిన్. దాని బోర్డు పోతే అలాంటిది హైదరాబాదులో కూడా దొరకదు. తెర మీద బొమ్మలు ముక్కలుగా వస్తున్నాయని నన్ను పిలిచింది. నేను రిపేర్లు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ‘సారు లెక్క తప్పడు’ అనేవాళ్లు. ఆ చవక పొగడ్తకు ఉబ్బిపోయేవాణ్ణి.

సోమయ్య ఆ దుకాణంలో పనిచేసేవాడు. చర్ల అవతలి అడవి పల్లెవాడు, నా ఈడువాడే. అంకెలు రావు. అందుకే నేను అతన్ని మనిషిగా లెక్కలో వేయలేదు.

ఒక చిప్పు ఊడదీసి కాళ్లు తుడిచాను. ప్రతి చిప్పుకూ ఒక చివర చిన్న గాటు ఉంటుంది, ఎటు తిప్పి పెట్టాలో చెప్పేది అదే; తిరగేసి పెడితే చిప్పు కాలిపోతుంది. ఆ వరసలో మిగతా వాటన్నిటికీ గాటు ఎడమవైపు ఉంది. దీన్నీ అలాగే పెట్టబోయాను.

“సారూ, దాని గాటు కుడిపక్కకుండె,” అన్నాడు సోమయ్య.

“నీకేం ఎరుక? దానికి కాళ్లెన్నో చెప్పు ముందు.”

“లెక్క తెల్వదు సారూ. నువ్వు తీస్తుంటే చూసిన.”

“నేను లెక్కవెట్టిన. ఇరవై ఎనిమిది. జర పక్కకు జరుగు.”

ఇరవై ఎనిమిదే. ఎటునుంచి లెక్కపెట్టినా ఇరవై ఎనిమిదే వస్తుంది, కాబట్టి ఆ లెక్క దేనికీ పనికిరాదు. అది అంత లెక్కల మనిషికి తట్టలేదు. కరెంటు ఇచ్చాను. కాలిన వాసన. తెర నల్లబడింది.

యాదమ్మ గల్లా దగ్గర నుంచి ఉరికొచ్చింది. “ఏమైంది సారూ?”

“మీవోడు పవర్ సప్లై మర తిప్పిండమ్మా. ఓల్టేజి ఎక్కువైంది.”

“నేను ముట్టలే అక్కా.”

“సారుకు నీమీద ఏం పగ? రేపటిసంది రాకు సోమయ్యా.”

అతను నా వైపు ఒకసారి చూసి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మెషిన్లు చెడగొడతాడన్న పేరు అతనికంటే ముందే నడిచింది. ఊళ్లో ఇంకెవరూ పని ఇవ్వలేదు. చర్లకు తిరిగిపోయి కూలికి పోతున్నాడని తర్వాత విన్నాను. ఆరు నెలలకు యాదమ్మ దుకాణం మూసేసింది.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? భయమా? యాదమ్మ నన్నేం చేసేది, నాలుగు తిట్లు తిట్టేది, అంతే. అంకెలు రాని మనిషి చూసింది నేను చూడలేదని ఒప్పుకోలేకపోయాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఏళ్ల తరబడి వెతికాను, కనీసం పెద్ద పాపి అనిపించుకోవచ్చని. దొరకలేదు. ఇంతే నేను.

చర్ల బస్సు రోజూ నా ఇంటి ముందు నుంచే పోతుంది. ఎక్కలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా మొహం చూడలేరు కనుక. రాస్తుంటే ఛాతీ తేలికపడుతోంది. ఆ తేలిక చూస్తే నామీద నాకే రోత.

‘సోమయ్యా, నువ్వే సరిగ్గా చూసినవ్.’

అతనికి ఇవాళ్టికీ బాకీ, నాలుగు మాటలు.