నాలుగు సాంచాలు, ఒక సొరచేప

ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న సిరిసిల్లలో, పట్టపగలు, ఒక సొరచేప మా ఇంట్లో దూరి మా బాపు కష్టాన్ని నమిలి మింగేసింది. ఆ సొరచేపను నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలున్నాయి, బుర్రలో మాత్రం ఏమీ మిగల్లేదు. నాలుగేళ్లు గడిచినా ఆ వెధవ గుర్తొస్తే రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. నా చెంపలు నేనే వాయించుకుంటే చూసేవాళ్లు భయపడతారని ఇలా రాసి తిట్టుకుంటున్నాను.

మాది సాంచాల ఇల్లు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగుండేవి. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే పక్కన నిలబడి గట్టిగా అరిస్తే తప్ప వినబడదు. అందుకే మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. అవ్వ, అంటే మా అమ్మ, ఉప్పు అడిగినా వీధిలో పోయేవాళ్లు కొట్లాటేమో అని ఆగి చూస్తారు. ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. మా పాత సాంచలో నిలువు పోగు తెగితే అది తనంతట తాను ఆగదు. మనిషి చూసి ఆపాలి, పోగు అతకాలి, మళ్లీ నడపాలి. చూడకపోతే తెగిన పోగు పక్క పోగులకు చుట్టుకుని వాటినీ తెంపుతుంది, సాంచ మాత్రం సిగ్గు లేకుండా నేస్తూనే ఉంటుంది.

బాపు అంతకుముందు మూడేళ్లు ముంబై దగ్గరి భీవండి కార్ఖానాల్లో పనిచేసి వచ్చాడు. ఇక పోనని అవ్వకు మాటిచ్చాడు. ఆ మాట నిలబడాలంటే ఇక్కడ పని దొరకాలి. నాలుగు నెలలు తిరగ్గా తిరగ్గా రాజేశం అనే ఆసామి, అంటే నూలిచ్చి బట్ట నేయించుకునే పెద్దమనిషి, తెల్ల పంచెల బట్ట నేయమన్నాడు. "బట్ట మంచిగొస్తే ఏడాదంత నాలుగు సాంచాలకు నేను నూలిస్త చంద్రయ్యా. ఖరాబైతే మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు. అటు భీవండి నుంచి చిన్నబాపు రోజూ ఫోన్. "అన్నా, కార్ఖానల ఒక జాగ ఆపిపెట్టిన. వస్తవా రావా, జర జల్ది చెప్పు." వారంలో చెబుతానని బాపు అంటున్నాడు. ఆ వారమంతా మా ఇంటి బతుకు ఆ బట్ట మీదే ఆధారపడి ఉంది. అది నాకు తెలుసు. తెలిసీ చేశాను, అదీ నా కోపం.

పని దొరికితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను తిప్పి కడతామని అవ్వ మొక్కుకుంది. సోమవారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. గడపలో బాపు ఆగి నా వైపు వేలు చూపించాడు.

"సతీషూ, నాలుగు సాంచాల మీద కన్నుండాలె. సమజైందా?"

"అయింది బాపు."

"గా డబ్బా ముట్టకు." డబ్బా అంటే, దుబాయ్ పోతూ మా దోస్తు నాకు వదిలిపోయిన పాత ల్యాప్‌టాప్.

"ముట్టనే ముట్ట."

"రాజన్న దగ్గరికి పోతున్నం బిడ్డా, అబద్ధమాడకు" అంది అవ్వ.

వాళ్లెక్కిన ఆటో సందు మలుపు తిరగకముందే షెడ్డులో కూర్చుని డబ్బా తెరిచాను.

అందులో ఉన్న ఆట అలాంటిది మరి. మనం సొరచేప. మొదట్లో జానెడు పిల్ల. చిన్న చేపల్ని తింటే కొంచెం పెరుగుతాం, తాబేళ్లను తింటే ఇంకొంచెం. పెరిగాక పడవలు, పడవల్లో మనుషులు. హద్దు లేదు, అడిగేవాడు లేడు, సముద్రమంతా మనదే. కరీంనగర్ కాలేజీ బస్సు తప్ప ఇంకేదీ ఎక్కనివాడికి మహాసముద్రం రాసిచ్చినట్టయింది. పైగా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే నీళ్ల అడుగున ఎంత నిశ్శబ్దమో! పుట్టినప్పటి నుంచి సాంచాల మోత తప్ప వినని చెవులు నావి. ఆ నిశ్శబ్దానికే సగం పడిపోయాను.

అయినా మరీ బాధ్యత లేనివాణ్ని కాదు, ఒక ఏర్పాటు చేసుకున్నాను. సొరచేప ఊపిరి పీల్చుకోవడానికి పైకి వచ్చినప్పుడల్లా నేనూ తలెత్తి నాలుగు సాంచాలూ చూడాలని. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! సొరచేప చేప అండీ. దానికి ఊపిరి కోసం పైకి రావాల్సిన పనే లేదు. గంటసేపు అది రాలేదు, నేనూ తలెత్తలేదు.

అడ్డపోగుతో సాంచలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు మాకు చుట్టిచ్చే లచ్చక్క గంప పట్టుకుని వచ్చింది. ఎంత అరిచినా నేను పలకకపోయేసరికి హెడ్‌ఫోన్లు పీకేసింది.

"మూడో సాంచల పోగులు తెగినయ్ రా!"

"ఒక్క నిమిషం అక్కా, పడవ మునుగుతుంది."

"ఏం పడవరా? అండ్ల ఎవలున్రు?"

"నలుగురున్నరు. ఇద్దరిని తిన్న."

లచ్చక్క గంప కింద పడేసింది. "థూ! సోమారం పూట మనుషులను తింటున్నవా? మీ అవ్వ, బాపు కోడె మొక్కుకు పోయిన్రు గదరా!"

"ఇది ఆటక్కా!"

"ఆటైతేంది? నోట్లె నెత్తురు కనబడ్తలేదా? మీ ఇంట్ల సోమారం కోడిగుడ్డు సుత ముట్టరు."

"నేను తింటలేనక్కా, చేప తింటుంది."

"చేపను తోల్తున్నదెవలు? నువ్వే గదా!"

 అయినా ఒప్పుకోకుండా పది నిమిషాలు వాదించాను. అవతల పోగులు ఒకదాని వెంట ఒకటి తెగుతుంటే, ఇవతల మేమిద్దరం సొరచేప సోమవారం నియమం పాటించాలా వద్దా అని తేల్చుకుంటున్నాం. ఇంతలో నన్ను వేటాడేవాడు బల్లెం పట్టుకుని పడవలో వచ్చాడు. లచ్చక్క కళ్లు ఆ బొమ్మ మీద పడ్డాయి.

"అగో, ఎనుకకెల్లి వస్తుండు! మునుగు! లోపటికి మునుగు!"

"మునుగుతున్న అక్కా!"

"ఇప్పుడు లే! వాని కాలు వట్టు! గుంజు!"

ఆమె నియమం అంత గట్టిది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది కూడా. వాడి కాలు నా నోట్లో ఉండగా మూడో సాంచలోంచి నాడె తుపాకీ గుండులా ఎగిరి మా తలల మీదుగా పోయి గోడకు తగిలింది.

లేచి చూశాను. తెల్లటి బట్టలో బెత్తెడు వెడల్పున పోగులే లేవు. అది ఒకటీ రెండూ కాదు, ఇరవై మూరలు. నాలుగో సాంచ మీద ఇంకో పదిహేను. మగ్గం మీద నేను కాకుండా నిజంగా సొరచేపనే కూర్చోబెట్టినా అంత ఖరాబు చేసేది కాదు.

"బాపుకు ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది లచ్చక్క. చెబితే నేను మనిషినయ్యేవాణ్ని. చెప్పలేదు. పోగులు అతికి, చెడిపోయిన బట్టను లోపలికి చుట్టి, దాని మీద మంచి బట్ట రెండు చుట్లు వచ్చేదాకా నేయించాను. ఆ తెలివి ముందుంటే ఏమయ్యేదో!

మధ్యాహ్నం బాపు, అవ్వ వచ్చారు. పక్కనే రాజేశం. గుడి దగ్గర కలిశాడట, బట్ట చూద్దురుగాని రమ్మని బాపే పట్టుకొచ్చాడు. "మా పోరడే చూస్తుండు అన్నా. కంటిరెప్ప సుత కొట్టడు" అని గర్వంగా చెప్పాడు.

రాజేశం మూడో సాంచ మీది బట్ట చుట్టను అరచేత్తో ఒకసారి నొక్కాడు, ఒకచోట లొత్తగా తగిలింది. ముప్పై ఏళ్ల చెయ్యి అది. మొహం మారింది. చుట్ట విప్పించి, బట్టను వెలుతురుకెదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

"చంద్రయ్యా, గీ సందులకెల్లి నువ్వు నాకు మంచిగ కనబడ్తున్నవ్."

బాపు బట్ట అంచు పట్టుకుని చూశాడు. "ఎలుకలు కొట్టినట్టున్నది" అన్నాడు. నన్ను కాపాడాలనే అన్నాడేమో. నేను వెంటనే అందుకున్నాను. "అవును బాపు, ఎలుకలే!"

లచ్చక్క ఇక ఆగలేకపోయింది. "ఎలుకలు గాదన్నా, పెద్ద శాప! గా డబ్బల ఉన్నది. సోమారం పూట ముగ్గురిని తిన్నడు నీ కొడుకు!" మూడోవాడి కాలు ఎవరు పట్టమన్నారో మాత్రం చెప్పలేదు.

రాజేశం తువ్వాల దులుపుకున్నాడు. "నీ మొకం జూసి రెండు సాంచాలకు నూలిస్త. నాలుగు సాంచాలకు ఇయ్య" అని వెళ్లిపోయాడు.

బాపు సాంచాలన్నీ ఆపేశాడు. తర్వాత అరిచిన అరుపులకు వీధంతా వచ్చి మా గడపలో నిలబడింది. "మూడేండ్లు భీవండిల ఒక్క అర్రల పదిమందిమి పండుకున్నం రా! మీ అవ్వ ఈడ ఒక్కతే ఏడ్చింది! నీ శాప కోసం నేను మళ్ల పోవాల్నా?" కొడితే బాగుండేది. కొట్టలేదు. ఫోన్ తీసి చిన్నబాపుకు చేశాడు.

"తమ్మీ, గా జాగ ఇంక ఉన్నదా? ... ఆ, తీసుకుంటం. నేను గాదు, సతీషు వస్తుండు. రెండు సాంచాలకు ఇద్దరెందుకు?"

అలా భీవండికి నేను పోయాను. ఎనిమిది నెలలు, ఎనిమిది సాంచాలు, గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టుకునే సేటు. బాపు మళ్లీ ఇల్లు వదల్లేదు. ఈ కథలో నా వల్ల జరిగిన మంచి అదొక్కటే, అదీ నేను చేసింది కాదు.

ఒక సెలవు రోజు చిన్నబాపు నన్ను ముంబై తీసుకెళ్లి అసలు సముద్రం చూపించాడు. ఒడ్డున నిలబడ్డాను. ఒక అల వచ్చి కాలి మడమ దాకా తడిపింది. అంతే, గావుకేక పెట్టి చిన్నబాపు మెడ పట్టుకుని వేలాడాను. ఒక చెప్పు అల పట్టుకుపోయింది. నాకు ఈత రాదు మరి.

"ఏందిరా, పడవలను మింగినోడివి నువ్వేనా?" అన్నాడు చిన్నబాపు. చుట్టూ ఉన్న జనమంతా నవ్వారు, భాష తెలియనివాళ్లు కూడా.

కాబట్టి ఒంటి చెప్పుతో, తడిసిన ప్యాంటుతో, ఆ నీళ్లకు పది గజాల దూరంలో నిలబడి నేను చేసిన ప్రమాణం ఇది: నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు, సొరచేపగా కాదు కదా, పీత పిల్లగా కూడా ఏ సముద్రంలోనూ దిగను.