చివరి రేసులో ఆగిన మా బావ బండి

మా బావ పోయాడని అక్క కొడుకు ఫోన్ చేసేసరికి నేను తిరువూరు బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. "మావయ్యా, నాన్న నిద్రలోనే..." అని ఆగిపోయాడు. గ్లాసు పక్కన పెట్టి అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెబితే మీరు తిడతారు. చావు కూడా ఈయనకి ఇంత సుఖంగా వచ్చిందేమిటి అనుకున్నాను.

నాకు మా బావంటే కుళ్లు. దాచుకోవడం ఎందుకు? పెనుగొలను నుంచి ఆ పాత మోటారు సైకిలు మీద డబడబలాడించుకుంటూ పెళ్లిచూపులకు వచ్చిన రోజు నుంచీ కుళ్లే. నన్ను ఒక్కసారీ మెచ్చుకోని మా నాన్న, "మా అల్లుడు" అంటూ ఆయన గురించి ఊరంతా చెప్పుకునేవాడు. అమ్మ గారెలు వండితే మొదటి వాయి ఆయనకే.

ఇప్పుడు పాత బండ్లంటే తుడిచి, వరసగా నిలబెట్టి, ఫొటోలు తీసుకుంటున్నారు. అప్పట్లో అవే బండ్లు, మా బావ కాపురం పెట్టిన బెజవాడ వీధుల్లో పరుగెత్తేవి. ఆదివారం తెల్లారగానే, ఇంకా కొట్లు తెరవకముందే, మనవాళ్లు సందుల మొదట్లో నిలబడి సైకిళ్లనీ రిక్షాలనీ ఆపేవాళ్లు. తువ్వాలు కిందపడితే రేసు మొదలు. కాలవ వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. కప్పులూ దండలూ ఏమీ లేవు. ఓడినవాళ్లు గెలిచినవాడికి ఇడ్లీ పెట్టించాలి, అంతే. మా బావ తిన్నన్ని ఇడ్లీలు ఇంకెవరూ తినలేదు.

నేను నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. "బండిని తిట్టకురా, మొండికేస్తుంది" అనేవాడు. "మలుపులో కాస్త భయపడు. ఇంటికి రావాలిగా" అనేవాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి ఇంజను విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. నేను వింటే చెవి నొప్పి తప్ప ఏమీ తెలిసేది కాదు. రేసులో ఒక్కసారి నేను తోలతానంటే మాత్రం, "వచ్చే వారం చూద్దాంలే బామ్మర్దీ" అనేవాడు. ఆ వచ్చే వారం ఎప్పుడూ రాలేదు.

నా పని బండి పట్టుకోవడం. పెట్రోలు కారుతుందని ట్యాంకు కింది ట్యాపు కట్టేసి ఉంచి, తువ్వాలు పడబోయే ముందు తిప్పేవాణ్ణి. రోడ్డు మధ్యలో డివైడరు కడతారని, ఇక రేసులు ఉండవని తెలిసిన ఆఖరి ఆదివారం, "ఇవాళైనా నాకియ్యి బావా" అని బతిమాలాను.

"ఇవాళా? అందరూ వచ్చార్రా" అని నవ్వి ఎక్కి కూర్చున్నాడు. "ట్యాపు తిప్పావా?"

"తిప్పాను బావా."

తిప్పలేదు.

కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలుతో బండి వంతెన దాకా అందరికంటే ముందే ఉరికింది. అక్కడ దగ్గి ఆగిపోయింది. ఆయన ట్యాపు చూసుకుని మళ్లీ స్టార్టు చేసేలోగా మిగతావాళ్లంతా దాటిపోయారు. ఏమైందని అందరూ మూగితే, నా వైపు ఒక్కసారి చూసి, "వీడు తిప్పాడయ్యా, నేనే పొరపాటున మళ్లీ కట్టేశాను" అన్నాడు. రేసు తోలేవాడికి అంతకంటే నగుబాటు లేదు. ఆ రోజు నుంచీ అందరికీ ఆయన "ట్యాపుగారు" అయ్యాడు. ముప్పై ఏళ్లు ఆ పిలుపుకి పలికాడు. వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మంచితనం చూసి కూడా కుళ్లుకున్నాను. తిట్టినా బాగుండేది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక, షామియానా కింద పాత రేసుగాళ్లు మళ్లీ అదే కథ ఎత్తారు. ఉండబట్టలేక లేచాను. "ట్యాపు తిప్పనిది నేను. కావాలనే తిప్పలేదు" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. "పోయినాయన పరువు కోసం ఎంత మాట మీదేసుకున్నావయ్యా" అని ఒకాయన భుజం తట్టాడు. "బామ్మర్దంటే ఇలా ఉండాలండి" అన్నాడు ఇంకొకాయన. చివరికి నా తప్పు కూడా నాకు దక్కనివ్వలేదు మా బావ.

గుమ్మంలో కూర్చున్న అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"నాకు ఆవేళే చెప్పారురా" అంది మెల్లగా. "వాడికి ఒక్కసారి ఇచ్చుండాల్సింది, తప్పు నాదే అన్నారు."

వెనక షామియానాలో డెబ్బై దాటిన ఒకాయన కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, ఆవేళ బావ ఎలా తడబడ్డాడో చేసి చూపిస్తున్నాడు. ఎడమచెయ్యి కిందికి జార్చి, లేని ట్యాపు కోసం గాలిలో తడుముతున్నాడు. అందరూ నవ్వుతున్నారు.