మొదటి గంటలో గ్లాసెడు నీళ్ళు

మా గోడ అవతలి ఇంగ్లీషు సారు ఇక లేరు. పొద్దటి షిఫ్టు దిగి పాశమైలారంలో మా ఫ్యాక్టరీ గేటు దాటుతుంటే వాచ్‌మన్ పిలిచి, సంగారెడ్డి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాడు. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో పరిశుద్ధ గ్రంథం. ఎవరు పోయారని విన్నా నోట్లోకి వాక్యం దానంతటదే వచ్చే మనిషిని నేను. ఆ రోజు ఒక్క మాటా రాలేదు. అట్లాగే బస్సెక్కాను.

పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పే టీచర్లలో ఆయన తెలియనివారు తక్కువ. ఎండాకాలం సెలవుల్లో వాళ్ళకు శిక్షణ ఇచ్చింది ఆయనే. నాకు మాత్రం ఆయన పక్క గది మనిషి. పటాన్‌చెరులో ఒకే వరండా మీద మా ఇద్దరి కిరాయి గదులు, మధ్యలో పలుచని ఇటుక గోడ. ఆదిలాబాదు అడవుల వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు.

నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు. తెలుగు గ్రంథం, ఇంగ్లీషు గ్రంథం పక్కపక్కన పెట్టుకుని వచనం వచనం పోల్చుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. ఆదివారాలు బస్టాండు దగ్గర మైకు పట్టుకుంటే గొంతు పోయేదాకా వదిలేవాణ్ణి కాదు. సారు ప్రార్థనకు ఎన్నడూ రాలేదు. బొంగురు గొంతుతో ఇల్లు చేరేసరికి వరండాలో చాయ్ పెట్టుకుని కూర్చునేవారు.

“ఏం పాస్టరూ, ఇయ్యాల ఎవలెవలను నరకంల ఏసొచ్చినవ్?”

“మీరు రారు గద సారూ. వస్తే తెలుస్తుండె.”

“వస్తే ఒక్కటే అడుగుత. వినేటోనికి భయమైతున్నదా, సమఝైతున్నదా?”

నేను గ్రంథం తెరిచి పేజీల మీద పేజీలు తిప్పుతూ జవాబు చెప్పేవాణ్ణి. ఆయన అంతా విని, నా కప్పులో మరికొంత చాయ్ పోసేవారు. పిల్లల ముందు నిలబడేవాడు ముందు తన భయం తీసి బయట పెట్టాలని, అప్పుడే పిల్లల నోరు లేస్తుందని అనేవారు. టీచర్లకు చెప్పే మాటే. నాకు కూడా చెబుతున్నారని చాలాకాలం తోచలేదు.

కొన్ని సాయంత్రాలు గోడ అవతల సన్నగా మాటలు వినపడేవి. ఎవరో చుట్టాలొచ్చారనుకునేవాణ్ణి. బయటికొచ్చి చూస్తే గడప ముందు ఆయన చెప్పుల జత ఒక్కటే ఉండేది. తనకు తెలిసిన దేవుడికి ప్రార్థన చేసుకుంటున్నారని ఊరుకున్నాను.

ఒక ఎండాకాలం, శిక్షణ మొదలయ్యే రోజున, నన్ను సాయం అడిగారు. శిక్షణ పెట్టిన బడి బోరులో నీళ్ళు పచ్చగా, ఫ్యాక్టరీ మందుల వాసనతో వచ్చేవి. ఆ రోజుల్లో మా దిక్కు చాలా బోర్లు అంతే. ట్యాంకరు దగ్గర క్యాను నింపి, సైకిలు మీద తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టి, వెనక బెంచీలో కూర్చున్నాను.

సారు లోపలికొచ్చి ఏదో భాషలో మొదలుపెట్టారు. తెలుగు కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లీషు అసలే కాదు. టీచర్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన గ్లాసు నింపి పైకెత్తి “యేర్” అన్నారు. తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ నింపారు. ఆ మాట అన్నవాళ్ళకు గ్లాసు అందించారు. తెలుగులో అడిగినవాళ్ళకూ, ఇంగ్లీషులో అడిగినవాళ్ళకూ నవ్వొక్కటే. పైన రేకులు, బయట మే నెల ఎండ.

ముందు వరసలోని పెద్ద టీచరొకాయన విసుక్కున్నారు. “ఇంగ్లీషు నేర్పుతరంటే వచ్చినం. గిదేం జంగల్ భాష సారూ, పరేషాన్ చేస్తున్నరు.”

సారు మళ్ళీ గ్లాసు నింపారు. గ్లాసు ఆయన ముందు పట్టుకుని నిలబడ్డారు. చివరికి ఆ పెద్దాయన కిటికీ వైపు చూస్తూ, గొణిగినట్టు, “యేర్” అన్నారు. హాలంతా నవ్వింది. నీళ్ళు తాగి ఆయనా నవ్వారు.

గంట అయ్యాక సారు తెలుగులో అడిగారు, ఎట్లున్నదని. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ లేచింది. “సిగ్గయింది సారూ. గొంతెండుతున్నా నోరు లేవలే. మా పిల్లలు రోజూ గిట్లనే కూసుంటున్నరా?”

“కూసుంటున్నరమ్మా. ఇగ మన పని ఈడికెల్లి షురూ.”

ఏటా శిక్షణలో మొదటి గంట అదే. టీచర్లు దాన్ని నీళ్ళ గంట అనేవారు.

ఆ సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ వస్తూ అది ఏ భాషని అడిగాను. “గోండి. మా యమ్మ మాట,” అన్నారు. కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నారు: “ఉట్నూరు అవతల మా అక్క ఒక్కతే ఉన్నది. ఆమెకు తెలుగు రాదు. ఈడ నేను ఎవలతోని మాట్లాడాలె పాస్టరూ? యాడాదికొక్కపారి గీ గంట దొరుకుతది. సమఝ్ కాకున్నా, మంది ముంగట మాట్లాడుతున్న గద.”

గోడ అవతలి మాటలేమిటో అప్పుడు తెలిసింది. గ్రంథంలో, ఆకాశాన్నంటే గోపురం కట్టబోయిన జనుల భాషల్ని దేవుడు తారుమారు చేసిన సంగతి నేను మెడనరాలు ఉబ్బేలా ఎన్నిసార్లు ప్రకటించానో. ఆ గోపురం కింద ఒంటరిగా మిగిలిన మనిషి సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

రిటైరయ్యాక కూడా ఆయన ఊరికి పోలేదు. మొన్న జబ్బు పడి ఆసుపత్రిలో చేరాక తెలుగు మెల్లగా ఆయన్ని విడిచిపోయింది. చివరిసారి నేను వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఏదో అంటున్నారు. “రాత్రిసంది కలవరిస్తనే ఉన్నడు,” అంది నర్సమ్మ. ఆదరణ వాక్యం చదువుదామని గ్రంథం తెరిచాను. మధ్యలో వినపడింది.

యేర్.

గ్రంథం మూసేశాను. చెంచాతో నీళ్ళు పట్టాను. తాగారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ పట్టాను. ఆ తరవాత నా చెయ్యి పట్టుకుని తన భాషలో చాలాసేపు మాట్లాడారు. నాకు ఒక్క ముక్కా తెలియలేదు. మొదటి గంటలో విద్యార్థి కూర్చున్నట్టు కూర్చుని విన్నాను. షిఫ్టుకు లేస్తుంటే కూడా సన్నగా మాట్లాడుతూనే ఉన్నారు.

ఆసుపత్రి నుంచి తెచ్చి ఆయన్ని వరండాలో పడుకోబెట్టాం. కబురు తెలిసిన టీచర్లంతా వచ్చి కింద కూర్చున్నారు. మర్నాడు ఉట్నూరు బస్సులో ఒక్కతే వచ్చిన వాళ్ళక్కను ఒక టీచరు బస్టాండు నుంచి వెంటబెట్టుకొచ్చాడు. ఆమె తమ్ముడి తల దగ్గర కూర్చుని, నుదురు నిమురుతూ, నెమ్మదిగా ఆయనతో మాట్లాడింది. అన్నేళ్ళు గోడ అవతల ఒక్కరే మాట్లాడుకున్న ఆ భాషలో ఆయనకు బదులు వస్తోంది. వినడానికి ఆయన లేరు.

తరవాత ఆమె మా వైపు తిరిగి ఏదో అడిగింది. ఎవరికీ అర్థం కాలేదు. ఆయన వైపు చెయ్యి చూపి, తన పెదవులు తాకి, మళ్ళీ అడిగింది. ఈసారి అందులో ఆ మాట వినపడింది. తలలు ఒక్కొక్కటే లేచాయి. కిటికీ వైపు చూస్తూ గొణిగిన ఆ పెద్ద టీచరుకు ఇప్పుడు నడుం వంగిపోయింది. సిగ్గయిందన్న టీచరమ్మకు ఇప్పుడు జుట్టు నెరిసింది. చివర్లో ఆయనకు ఎవరైనా నీళ్ళు పట్టారా అని ఆమె అడుగుతోంది. అందరూ నా వైపు చూశారు.

చిన్నవారికి గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాడి ఫలం గురించి నేను గంటల తరబడి చెప్పగలను. లేచాను. సారు గదిలోకి వెళ్ళి, కుండ మీద బోర్లించిన గ్లాసు తీసుకుని నింపాను. ఆమె ముందు పైకెత్తి “యేర్” అన్నాను. గ్లాసు ఆయన పెదవుల దాకా వంచి, నా మూతి తుడుచుకుని చూపించాను, ఆయన నేర్పినట్టే.

ఆమె గ్లాసు వైపు చూసింది. నా వైపు చూసింది. తల ఊపి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొద్దుటి నుంచీ బస్సులో వచ్చిన మనిషి. చెయ్యి చాచి, చిన్నగా, “యేర్” అంది.

అందించాను. ఆమె తాగుతున్నంతసేపూ టీచర్లంతా కింద కూర్చుని, చప్పుడు చేయకుండా, ఆమెనే చూస్తూ ఉన్నారు.