మా బావ కాసిన పక్క

పట్నం కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో వెనక ఎడమ పక్క కాసే బ్యాక్‌గా ఆడేవాడు మా మేనమామ కొడుకు. అతనికీ నాకూ ఒకటే ఈడు. మార్కాపురంలో చిన్నప్పటి నుంచి కలిసే బంతి తన్నినాం. గోల్స్ కొట్టేది నేను. అతనికి గోలు కొట్టడం చేతకాదని వెనక నిలబెట్టింది కూడా నేనే. స్కూలు ఫైనల్లో అతను ప్యాసైనాడు, నేను ఇంగ్లీషులో తప్పినాను. అతను రైలెక్కి పట్నం కాలేజీకి పోయినాడు. నేను పలకల కార్ఖానాలో చట్రాలు బిగించే పనికి కుదిరినాను.

దసరా సెలవుల్లో ఆ జట్టు మా వైపుకు వచ్చింది. ముందు దొనకొండలో రైల్వే వాళ్లతో ఆట, ఆ తర్వాత మార్కాపురంలో మా ఊరి జట్టుతో. మా కెప్టెన్ సైకిల్ షాపు నడిపే సాయిబు. మేమంతా భాయ్ అనేవాళ్లం. ఆయన నన్ను పిలిపించినాడు.

"నువ్వు దొనకొండ పోయి చూసి రా. వాళ్ల ముందు వరస సంగతి నాకొద్దు. వెనక ఎవరు గట్టి, ఎవరు మెత్తన, అది చెప్పు చాలు. నీ బావ ఆట నీకు తెలిసిందే కదా."

"తెలుసు" అన్నాను.

తెలియదని దొనకొండలో అర్థమైంది. మేమెప్పుడూ ఉత్తకాళ్లతోనే తన్నినాం, బావ బూట్లేసుకుని మైదానంలోకి వచ్చినాడు. తోటివాళ్లు అతన్ని ఏదో ముద్దుపేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఎందుకో బూట్ల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

సగం ఆట అయ్యేదాకా ఇంకెవర్నీ చూడలేదు. అతని తప్పు కోసమే చూసినాను. స్కూల్లో ఉన్నప్పుడు బంతి కనపడితే చాలు మీదికి దూకేవాడు, పక్కకు ఒక్క అడుగేస్తే బోల్తా పడేవాడు. ఇప్పుడు దూకడం లేదు. ఎదుటివాణ్ణి రానిచ్చి, నెమ్మదిగా గీత వైపుకు నెట్టుకుంటా పోయి, దారి లేకుండా చేసి అప్పుడు కాలు పెడుతున్నాడు. రెండు కాళ్లతోనూ తంతున్నాడు. రైల్వే వాళ్లలో ఎంతో చురుకైనవాడు కూడా అతన్ని దాటలేకపోయినాడు. నా పక్కన నిలబడిన ముసలాయన, "ఆ పిల్లోడు ఏ ఊరోడో గానీ భలే నిబ్బరం" అన్నాడు. మా ఊరోడేనని నేను చెప్పలేదు.

అతని దగ్గర ఏమీ దొరక్క చూపు మిగతావాళ్ల మీదికి మళ్లించినాను. గోల్‌కీపర్ పొడుగు మనిషి, పైన వచ్చే బంతిని పండు కోసినట్టు అందుకుంటాడు, నేల మీద వచ్చేదానికి మాత్రం నిదానంగా వంగుతాడు. కుడి బ్యాక్ దిట్టమైనవాడు, తంతే బంతి అవతలి సగంలో పడేది. కానీ బంతి తన వెనక్కి పోయిందంటే ఆ మనిషి తిరిగేసరికి ఆలస్యమయ్యేది. నడుమ కాసే వాళ్ల సెంటర్ హాఫ్ ముందుకు పోయినాడంటే వెనక్కి రావాలన్న ధ్యాసే లేదు. అందుకని కుడి బ్యాక్ వెనక ఎప్పుడూ ఖాళీయే.

తిరిగొచ్చి సైకిల్ షాపులో ఇదంతా చెప్పినాను. భాయ్ చైను బిగిస్తా విన్నాడు.

"మరి మీ బావ?"

"ఆ పక్క పోతే మనకేం దొరకదు భాయ్."

ఆ మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

భాయ్ చైను కింద పెట్టి, "అయితే బంతులన్నీ వాళ్ల కుడి బ్యాక్ వెనక్కి వేద్దాం. నువ్వు మాత్రం మీ బావ ముందే తిరుగుతుండు, ఆయన్ను అక్కణ్ణుంచి కదలనీయొద్దు" అన్నాడు. నా పని అంతవరకే.

ఆట భాయ్ అనుకున్నట్టే జరిగింది. బట్టల దుకాణంలో పనిచేసే మా ఎడమ వైపు కుర్రోడు కుడి బ్యాక్ వెనక్కి దూరి, నేల మీదుగా తన్ని గోలు కొట్టినాడు. ఆ ఒక్క గోలుతోనే గెలిచినాం. నాకు ఒకే ఒక్కసారి బంతి దొరికింది, ఎదురుగా బావ ఒక్కడే. కుడికి పోతున్నట్టు ఒంగి ఎడమకు తిప్పినాను. అతను కదల్లేదు. నా కాళ్ల ముందు నుంచి బంతి తీసుకుని పోయినాడు, నన్ను తాకను కూడా లేదు. మా ఊరి జనమే చప్పట్లు కొట్టినారు.

ఆ సాయంత్రం బావ మా ఇంటికి భోజనానికి వచ్చినాడు. అమ్మ అతనికి రెండోసారి నెయ్యి వేస్తా, "ఓడినా నీ ఆటే బాగుందంట కదరా, మీ మామ చెప్పినాడు" అంది. నా ఆట గురించి నాయన ఏమన్నాడో చెప్పలేదు.

బావ నా వైపు తిరిగి, "మా కుడి బ్యాక్ తిరగలేడని మీవాళ్లకు ఎవరు చెప్పినారు బావా?" అని అడిగినాడు.

"నేనే. దొనకొండ వచ్చి చూసినా."

తినడం ఆపినాడు. "ఏడాది నుంచి మా మాస్టరుకే కనపళ్లేదు ఆ సంగతి. మరి నా ఆటలో ఏం లోటు కనిపించింది?"

మాట వరసకు అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు.

"ఏమీ లేదు" అన్నాను.

అతను నమ్మలేదు. "మళ్లీ ఆట ఉంటుందని దాచుకుంటున్నావులే" అని నవ్వినాడు. అట్లనే అనుకోనిచ్చినాను.

తెల్లారి రైలుకు సాగనంపడానికి నాయన పోయినాడు. పనుందని చెప్పి నేను కార్ఖానాకు పోయినాను. పొద్దు బాగా ఎక్కినాక బట్టల దుకాణం కుర్రోడు అటుగా వచ్చి, స్టేషన్లో రైలెక్కే ముందు బావ తన బూట్లు చూపించినాడనీ, కాలికి వేసి చూసుకోమన్నాడనీ సంబరంగా చెప్పినాడు. "సరిపోయినాయా?" అని అడిగినాను. సరిపోలేదన్నాడు. నాకు కొంచెం హాయిగా అనిపించింది.