యజమాని సంతకం

మా అన్నయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఊరికే అనే మాట కాదిది, ఇంట్లో నిజంగానే రెండు కుందేళ్లున్నాయి. రెండూ ఆడవేనని అమ్మినవాడు చెబితే కూతురి కోసం తెచ్చాడు. ఒకటి రెండో దాని మీదెక్కుతుంటే "ఆడుకుంటున్నాయి" అన్నాడు. ఏడు పిల్లలు పుట్టాక కూడా తప్పు అమ్మినవాడిదే అన్నాడు గానీ తన కళ్లది అనలేదు. ఆయన చెల్లెల్ని, పెళ్లి చేసుకోకుండా ఈ ఇంట్లోనే ఉన్నదాన్ని కాబట్టి ఇవన్నీ వినాలి.

కూతురికి మోజు తీరింది. గడ్డి వేసేదీ, గూడు కడిగేదీ మా వదినే. ఆవిడ ప్రెస్సులో బైండింగ్ పని చేస్తుంది. అచ్చయిన కాగితాలు మడిచి, సూదితో కుట్టి, జిగురు రాసి అట్ట వేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అదే బల్ల. మడతలు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి గోరు అరిగిపోయింది. కొలవకుండా మడిచినా వెంట్రుకవాసి తేడా రాదు. ఇంట్లో మాత్రం నోరు విప్పదు. మా అమ్మకి కావలసింది అలాంటి కోడలే.

మొదటి రెండు ఈతల పిల్లల్ని వీధిలో పంచాం. మూడో ఈతలో తొమ్మిదీ చచ్చిపోయాయి, తల్లి తెల్లది తిండి మానేసింది. పశువుల డాక్టరమ్మ దాని పొట్ట తడిమి చూసి, "ఇంకో ఈత అయితే ఇది బతకదు. కోలుకోగానే రెండింటికీ ఆపరేషన్ చేయించండి. అప్పటిదాకా విడివిడిగా ఉంచండి" అని ఒక ఫారం ఇచ్చింది. కింద 'యజమాని సంతకం' అని ఒక గీత.

రభసంతా ఆ గీత దగ్గరే మొదలైంది. మా ఇంట్లో యజమాని అంటే అన్నయ్యే. తలుపు పక్కన పలక మీదా తన పేరే, కరెంటు మీటరు మీదా తన పేరే.

"ఆడదానికి చేయిస్తే చాలు. మగదాన్నెందుకు కొయ్యడం, పాపం," అన్నాడు భోజనాల దగ్గర.

"మగదానికైతే చిన్న కోతేనట. కడుపు కొయ్యాల్సింది ఆడదానికే," అన్నాను.

"నీకెందుకే మధ్యలో? కనేది ఆడదేగా. కనేదానికి చేయిస్తే సరిపోతుంది," అంది అమ్మ.

వదిన చెయ్యి కంచంలో ఆగిపోయింది. అమ్మ ఆ మాట పద్నాలుగేళ్ల కింద ఆస్పత్రి వరండాలో కూడా అంది. లోపల వదినకి కడుపు కోసి కూతుర్ని తీశారు, ఆవిడ ఇంకా మత్తులో ఉంది. ఒక్కరు చాలని అన్నయ్య, సరేనని అమ్మ. ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఫారం మీద అన్నయ్య సంతకం పెట్టేశాడు. పెన్ను నాదే. పదో రోజు కుట్లు విప్పుతూ నర్సు చెబితేగానీ వదినకి తెలియలేదు. అప్పటికే ఆవిడ రెండో బిడ్డకి పేరు అనుకుని ఉంది. ఆ రోజు నోరెత్తనందుకు నా మీద నాకింకా అసహ్యమే.

మూడు వారాలు ఫారం అలమర మీదే పడి ఉంది. వంటింటి పక్కన వేరే గూట్లో పెట్టిన మగది రోజంతా కమ్మీలు కొరికేది. అన్నయ్య జాలిపడి దాని తలుపు తీసేవాడు. వదిన పరుగున వెళ్లి పట్టుకుని మళ్లీ లోపలేసేది.

"చేయించేయొచ్చుగా వదినా?" అని అడిగాను.

"చేయిస్తే బతుకుతుందని తెలుసు. కానీ దాన్నడక్కుండా కడుపు కోయిస్తే, నాకు చేసిందే నేనూ చేసినట్టుంటుంది," అంది. నేను తల తిప్పుకున్నాను.

ఒక ఆదివారం నేనూ వదినా బజారు నుంచి వచ్చేసరికి మగది తెల్లదాని గూటి ముందు తచ్చాడుతోంది. లోపలికి పోలేదు గానీ, తెల్లది మూలకి నక్కి వణుకుతోంది. మర్నాడు వదిన పనికి సెలవు పెట్టి రెండింటినీ బుట్టల్లో పెట్టుకుని బయల్దేరింది. నేనూ వెళ్లాను. ఫారంలో ఆ గీత మీద తన పేరు రాసింది. తర్వాత బుట్ట మూత తీసి, తెల్లదాని చెవి దగ్గరకి వంగి, చాలాసేపు ఏదో చెప్పింది. డాక్టరమ్మ గ్లౌజులు తొడుక్కుని ఎదురుచూసింది.

రెండూ బతికి బయటపడ్డాయి. సాయంత్రం అన్నయ్య గుమ్మంలోనే నిలదీశాడు.

"నన్నడక్కుండా సంతకం పెట్టడానికి నువ్వెవరు? యజమానివా?"

"దానికి చెప్పే చేయించాను," అంది వదిన.

అన్నయ్య నవ్వాడు. "కుందేలుకి చెప్పావా? దానికేం అర్థమవుతుంది?"

"అర్థం కాదు. అయినా చెప్పాను. నాకైతే అర్థమయ్యేది. మీరెవరూ చెప్పలేదు."

ఆ మాటంటూ అన్నయ్యని చూసింది, అమ్మని చూసింది. తర్వాత నన్ను చూసింది.