మా మేస్త్రి ఆ దీవిల దిగలేదు

మొన్న మంగళవారం పొద్దుగాల మా మేస్త్రి పోయిండు. ఆ సంగతి నాకు సప్పుడు లేకుంటనే తెలిసింది. మా ఇంటామె ఫోను చెవికి పెట్టుకొని నిలవడ్డది, నా దిక్కు తిరిగింది, పెదవులు మెల్లగ కదిపింది. "మేస్త్రి పోయిండు." బట్ట నేసే సాంచల మోత నడుమ నలభై ఏండ్లు నిలవడ్డ మనిషిని నేను. చెవులతోని వినుడు ఎన్నడో బంద్ అయింది. మనిషి మూతి చూసి మాట పట్టుకుంట. అట్ల పట్టుడు నాకు నేర్పింది ఆయనే.

సూరత్‌ల మన తెలుగోళ్ల సంఘపోళ్లు ఏటేటా వేసే పుస్తకంల ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నరు. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు దిద్దుకోండ్రి, మాట మాత్రం మార్చొద్దని ముందే చెప్పిన. ఎందుకంటే మేస్త్రి గురించి సూరత్‌ల మనోళ్లందరు చెప్పుకుంటున్న ముచ్చట ఒకటి అబద్ధం. అది నా మూలంగ పుట్టింది. నేనే చెప్పాలె.

ముందుగాల ఆయన ఎసొంటి మనిషో చెప్త. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన కొత్తల సూరత్ భేస్తాన్‌ల ఒక కార్ఖానల చేరిన. మొదటి దినం, సాంచలు బాగుచేసే ఈ మేస్త్రి నా పేరడుగలే, ఊరడుగలే. నా చేయి పట్టుకపోయి నడుస్తున్న సాంచ ఇనుము మీద పెట్టిండు. తర్వాత పక్క సాంచ మీద పెట్టిండు. నా చెవుల నోరు పెట్టి ఒర్రిండు.

"తేడా ఏంది?"

"నాకేం తెలుస్తలేదు."

"ఇది తిన్నగ నడుస్తుంది. అది మూలుగుతుంది, బోల్టు వదులైంది. నీ చెవులు నాలుగైదేండ్లల్ల పోతయి తమ్మీ. ఆలోపలనే చేతులకు వినుడు నేర్పు."

చెవులు ఆయన చెప్పినట్టే పోయినయి. చేతులు ఇంకా ఉన్నయి.

కార్ఖానల మేం మాట్లాడుకునేది చేతులతోని, మూతులతోని. రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి పెడితే చాయ్. పొట్ట ముందట చేయి గుండ్రంగ తిప్పితే కార్ఖాన ఓనరు, పాత సేఠ్ వస్తున్నడని. పానా తిప్పినట్టు మణికట్టు తిప్పితే మేస్త్రి. రెండు చేతులు అడ్డంగ కొడితే సాంచ బంద్. ఒడిశావోళ్లు, బీహారోళ్లు, మనోళ్లు, అందరికీ అదే భాష. ఆయన ఎవ్వరిని మెచ్చుకోకపోతుండె. బట్ట ఎంత మంచిగ దిగినా రెండు వేళ్ల నడుమ నలిపి చూసి "నడువనీ" అంటుండె. గంతే. ఆ ఒక్క మాట కోసం మేం దినమంతా కష్టపడుతుంటిమి.

ఏది ముట్టుకున్నా అరచేయి ఆనించి ముట్టుకుంటుండె. బస్సెక్కితే సీటు ముందటి కడ్డీ మీద చేయి. మాట్లాడేటప్పుడు మనిషి భుజం మీద చేయి. ఒకసారి నాకు జరమచ్చి నవాగామ్‌ల మా ఇంట్ల పండుకుంటే చూడనీకి వచ్చిండు. నా నెత్తి మీద చేయి పెట్టి చాలాసేపు కూసున్నడు. "బోల్టులన్ని మంచిగనే ఉన్నయి, రేపు పనికి రా" అన్నడు. ఆ పొద్దంతా నవ్వుకున్న.

ముసలితనంల ఆయనకు వేరే బాధ మోపైంది. చెవులు పోయినయి గానీ లోపటి మోత పోలే. "తలకాయల రెండు సాంచలు నడుస్తున్నయి. బంద్ చేసే హ్యాండిల్ దొరుకుతలేదు" అంటుండె. డాక్టరు చూసి నరం పాడైంది, ఇగ పోదు అన్నడు. మేస్త్రి నమ్మలే.

"డాక్టరుకేం ఎరుక? నేను పుట్టింది సాంచల ఇంట్ల, బతికింది సాంచల గల్లీల. కాళ్ల కింద మిషన్ అదరని జాగల ఎన్నడన్న ఒక్క గంట నిలవడ్డనా? నిలవడి చూస్తే గదా పోతదో పోదో తెలిసేది."

ఊరికి పోదామంటే ఊర్ల ఆయన ఇంటికి రెండు దిక్కుల సాంచలే. డుమ్మస్ సముద్రం దరికి పోదామంటే జనం, హారన్లు, పాటలు. భేస్తాన్‌ల బిడ్డ ఇంట్ల ఉంటుండె, ఆ ఇంటి గోడకు ఆనుకొని మా కార్ఖాననే. మంచం కూడ అదురుతుండె.

గిట్లున్నప్పుడు సేఠ్ ఓడ ముచ్చట తెచ్చిండు. ఇప్పటి సేఠ్ పాత సేఠ్ కొడుకు, పైసలున్నోళ్లుండే ఆల్థాన్‌ల ఉంటడు. నూలు అమ్మేటోళ్లు సేఠ్‌లకు ఓడ యాత్ర టికెట్లు బహుమానమిచ్చిండ్రు. మా సేఠ్ ఇంట్ల ఆడోళ్లకు ఓడెక్కితే వాంతులైతయట, రెండు టికెట్లు మిగిలినయి. మేస్త్రి పని బంద్ చేసే దినం శాలువా కప్పి అవి చేతుల పెట్టి ఫోటో దిగిండు. "వాళ్లకు వాంతులైతె మనకు సన్మానమా?" అని నేను గట్టిగనే అన్న. మేస్త్రి నా భుజం నొక్కిండు, నోరు మూసుకోమని.

టికెట్ల తోని ఒక రంగుల కాయితం ఇచ్చిండ్రు. ఎక్కన్నో సముద్రం నడుమ దీవి. తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు. ఓడ దూరం ఆగుతది, చిన్న పడవలల్ల దించుతరు, నాలుగు గంటలు తిరిగి మళ్ల ఎక్కొచ్చు. మేస్త్రి ఆ కాయితం కండ్లకు దగ్గర పెట్టుకొని చూసిండు.

"గీ బొమ్మల ఒక్క మిషన్ గూడ లేదు. నువ్వు నా ఎంబడి రా. అటు దిక్కు పోయి ఒక్క గంట నిలవడుదాం."

బొంబాయిల ఓడెక్కినం. మా రూము అడుగున. లోపటికి పోంగనే మేస్త్రి గోడకు చేయి ఆనించిండు. నా మొఖం చూసిండు.

"తమ్మీ, గీడ గూడ నడుస్తుంది."

కాళ్ల కింద, మంచం కింద, అన్నం ప్లేటు కింద, అంతటా ఇంజను అదురు. "ఎక్కన్నో ఒక బేరింగు పోతుంది, కప్తానుకు చెప్పు" అని నవ్విండు. గానీ రెండు దినాలు సరిగ్గ పండుకోలే. "దిగినంక చూద్దాం, దిగినంక చూద్దాం" అదే మాట.

అన్నాల కాడ ఒక సంగతైంది. మజ్జిగ ఉందా అని నేను అడిగిన. చెవులు లేనోళ్లం గదా, మా మాట మాకు వినపడది, పెద్దగ అడిగినట్టున్న. చుట్టు బల్లలోళ్లు తిరిగి చూసి నవ్విండ్రు. నాకు ఒళ్లు మండింది. ఇగ ఈ ఓడల ఎవ్వన్ని ఏమడుగనని మనసుల ఒట్టు పెట్టుకున్న. నాకు చెవులు వినరావని నేను జీవితంల ఎవరికీ చెప్పలే. అక్కడ చెప్తనా?

మూడో దినం దీవి కనపడ్డది. పడవల్ల దిగనీకి అందరిని పెద్ద హాల్‌ల కూసోబెట్టి అంగీలకు నంబర్ల బిళ్లలు అతికించిండ్రు. మాది పదకొండు. నంబరు పిలుస్తె కిందికి పోవాలె, అక్కడ ఓడ పక్కన తలుపు, తలుపు కాడ పడవ. పిలిచేది ఒక పిల్ల, మైకుల. మైకంటే మాకు గుయ్యిమని మోత, అండ్ల అక్షరం దొరుకది. మూతి చూద్దామంటే ఆ పిల్ల మైకును నోటికే అడ్డం పెట్టుకున్నది.

నేను "చూస్తున్న, నువ్వు ఫికర్ చేయకు" అన్న మేస్త్రితోని. మంది అంగీల మీద నంబర్లు చూసుకుంట కూసున్న. ఎనిమిది పోయింది. తొమ్మిది పోయింది. పది పోయింది. తర్వాత పన్నెండు నంబరోళ్లు లేచి పోయిండ్రు.

"చూసినవా మేస్త్రీ? మనల ఆపి పైసలున్నోళ్లను ముందు పంపుతుండ్రు."

"పోయి అడుగు రా."

"ఎందుకడుగాలె? నంబరిచ్చినోళ్లు పిలువరా? మనమేమన్న అడుక్కతిననీకి వచ్చినమా?"

"జర అడుగు. అడిగితె ఏమైతది?"

"నువ్వు కూసో. వాళ్లే వచ్చి తీస్కపోతరు."

ఆయన వంగి చెప్పులు తుడుచుకున్నడు. కొత్త చెప్పులు, ఇసుకల నడువనీకి బిడ్డ కొనిచ్చింది. పద్నాలుగు పోయింది, పదిహేను పోయింది. హాల్ ఖాళీ అయింది. ఆ పిల్ల మైకు పక్కన పెట్టి మా కాడికి వచ్చింది. ఇప్పుడు మూతి కనపడ్డది. హిందీల అన్నది, "చాచా, పదకొండు మూడు సార్లు పిలిచిన. మీరెందుకు లేవలే?"

నేను కొట్లాడిన. కిందికి ఉరికిన. మేస్త్రి మోకాళ్లు పట్టుకుంట నా ఎనుక దిగిండు. తలుపు తెరిచే ఉంది. పడవ దరికి వచ్చి మీదికి లేస్తుంది, కిందికి పడుతుంది. ఓడ మనిషి చేయి అడ్డం పెట్టిండు. గాలి లేచింది, అలలు పెద్దగైనయి, ఇగ దించుడు లేదు, దిగినోళ్లను తెచ్చుకునుడే అన్నడు. నేను వాని కాలరు పట్టిన. తిట్టిన. వాడు ఒక్కటే మాట అన్నడు.

"అడుగరాదా చాచా?"

మేస్త్రి తలుపు కాడ నిలవడ్డడు. దీవి ఎంత దగ్గర అంటే కొబ్బరాకులు ఊగుడు కనపడుతుంది. ఇసుక తెల్లగ, ఒక్క గీత లెక్క. ఆయన చేయి మాత్రం తలుపు ఇనుము మీదనే ఉంది. ఆ ఇనుము అదురుతుంది.

"వాన్ని తిట్టకు. వాని పని వాడు చేస్తున్నడు" అన్నడు నాతోని. నన్ను ఒక్క మాట అనలే. ఆ దినం నన్ను బండబూతులు తిట్టుంటె ఇయ్యాల నాకు ఇంత చేదుండకపోతుండె.

పొద్దుగూకేముందట దిగినోళ్లందరు తిరిగొచ్చిండ్రు. నవ్వుకుంట, కాళ్లకు ఇసుకతోని. మెత్తటి తివాచీ మీద ఇసుక రాలింది. మేస్త్రి వంగి కొంచెం తీసిండు. బొటనవేలు, చూపుడువేలు నడుమ పెట్టి, బట్టను నలిపి చూసినట్టే నలిపి చూసిండు. నేను ఆయన మూతి దిక్కు చూసిన. "నడువనీ" అంటడేమో అని. ఆయన రాల్చి చేతులు దులుపుకున్నడు.

ఇంటికి వచ్చినంక బిడ్డ అడిగింది, "బాపూ, దిగినవా? కైసా థా? మోత తగ్గిందా?"

నేను పక్కనే కూసున్న. నోరు తెరిచేలోపల ఆయన చెప్పిండు.

"మస్తుండె బిడ్డా. కాళ్ల కింద గట్టి ఇసుక, ఒక్క సప్పుడు లేదు. తలకాయల రెండు సాంచలు గంటసేపు బంద్ పడ్డయి. మీ కాక నన్ను చేయి పట్టుకొని నడిపించిండు."

పోగు తెగితె ముడి దాచొద్దని మాకు నేర్పిన మనిషి, నా ఇజ్జతు కోసం అబద్ధం ఆడిండు. నేను ఆయన మొఖం చూడలేకపోయిన. కాదని గూడ చెప్పలే. బిడ్డ నా కాళ్లు మొక్కింది. ఆ ముచ్చట గల్లీ తిరిగింది. "నేను పంపిన" అని సేఠ్ చెప్పుకున్నడు. నేను "తీస్కపోయిన" అని జనం చెప్పుకున్నరు. సచ్చేదాక నా ముందట మేస్త్రి ఆ దీవి పేరెత్తలే.

మంగళవారం నేను పోయేసరికి ఆయనను బిడ్డ ఇంట్ల రూమ్‌ల చాప మీద పండవెట్టిండ్రు. తల కాడ దీపం, పక్కన స్టీలు చెంబుల నీళ్లు. గోడ అవతల సాంచలు నడుస్తనే ఉన్నయి. చెంబుల నీళ్లు సన్నగ వణుకుతున్నయి, గుండ్రటి గీతలు లేస్తున్నయి, అంచుకు కొట్టుకుంటున్నయి.

మా గల్లీల ఒక రివాజుంది. సాంచ నడిపినోడు పోతె, పాడె గల్లీ దాటేదాక సాంచలు బంద్ చేస్తరు. సేఠ్ దండ తెచ్చిండు గానీ ఆ మాట తియ్యలే. నేనే అడిగిన. మనిషిని అడుగుడు నాకు ఆ దినం వచ్చింది.

"కాకా, అర్జంట్ ఆర్డర్ ఉంది. ఇప్పుడు బంద్ చేస్తే బట్టల మచ్చ పడతది. సమఝో."

"సమఝ్ అయింది" అన్న. మెట్లెక్కి కార్ఖాన తలుపు కాడ నిలవడ్డ. పని చేసేటోళ్లు నా దిక్కు చూసిండ్రు. ఒర్రితే వినపడది, నేను ఒర్రలే. మణికట్టు పానా లెక్క తిప్పిన. రెండు చేతులు అడ్డంగ కొట్టిన.

ఒక మూలకెల్లి మొదలైంది. ఒక్కొక్క సాంచ ఆగింది. ఆ లైను, ఈ లైను, ఆఖరి మూల దాక. కాళ్ల కింది నేల గమ్మున ఊకున్నది. నలభై ఏండ్లల్ల ఆ గచ్చు అదరకుంట నేను చూసింది వేళ్ల మీద లెక్క.

కిందికి దిగి చూస్తె చెంబుల నీళ్లు నిలవడ్డయి. ఒక్క గీత లేదు. బిడ్డ గూడ ఆ నీళ్లే చూస్తుంది. నా దిక్కు తిరిగి పెదవులు కదిపింది.

"కాకా, ఆ దీవిల గిట్లనే ఉండెనా?"

చెప్పాలె అనుకున్న. అప్పుడే పాడె లేపిండ్రు, నా భుజం మీదికి బరువొచ్చింది. చెప్పలేకపోయిన. అందుకే ఇది రాస్తున్న. బిడ్డా, మీ బాపు ఆ దీవిల దిగలే. మీ కాక నోరు తెరిచి ఒక్క మాట అడుగనందుకు దిగలే.

కాష్టం కాడికెల్లి తిరిగొచ్చి తానం చేసి ఆ రూమ్‌లకు పోయిన. ఆయన పండుకున్న జాగల దీపం ఒక్కటే ఉంది, పక్కన చెంబు. గోడ అవతల సాంచలు ఎప్పుడు మోపైనయో. నీళ్లు మళ్ల వణుకుతున్నయి. నేను కూసొని చెంబు మీద అరచేయి ఆనించిన, ఆపుదామని. నీళ్లు ఆగలే. నా చేయి గూడ అదురవట్టింది.